శాంతిరాజు కృతజ్ఞతా కూడిక

"ఈ ఒక్క పూట నోరు మూస్కో కరుణా. రేపటి సంది నీ ఇష్టం."

ప్రేమ్ సాగర్ ఈ మాట గట్టిగా అనలేదు. పడకగది తలుపుకు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. తలుపు అవతల హాల్లో అతని తల్లి జీవమణి ఫోన్ మీద ఫోన్ చేస్తూ చర్చి సంఘం వాళ్లనందరినీ సాయంత్రం కూడికకు పేరుపేరునా పిలుస్తోంది. నెత్తిన డాబా మీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

"రేపటికి మామయ్య సాక్ష్యం చెప్పేసి ఉంటారు," అంది కరుణశ్రీ.

"చెప్తే ఏమైతది?"

"ఏమవుతుందా! సంఘమంతటి ముందూ నిలబడి, నా కాలేయంలో ఉన్నది మంచి గడ్డేనని నా కోడలే తేల్చింది, దేవునికి స్తోత్రం అంటారు. నేను తేల్చలేదు ప్రేమ్. తేల్చకుండానే రాసి ఇచ్చాను."

"అంటే కేన్సర్ ఉన్నదంటవా?"

"ఉందనడం లేదు. లేదని చెప్పే హక్కు నాకు లేదంటున్నాను."

"పొద్దుగాల సంది గిదే పాట. ఉన్నదో లేదో నీకే తెల్వనప్పుడు ఇప్పుడే ఎందుకు లొల్లి?"

ప్రేమ్ సాగర్ అమీర్‌పేటలో జావా పాఠాలు చెబుతాడు. ఒకే ముక్కను బ్యాచి తర్వాత బ్యాచికి విసుగూ విరామం లేకుండా చెప్పగల ఘనుడు. అదే ఇంట్లో ఒక ముక్కను రెండోసారి వినమంటే ఒంటికాలి మీద లేస్తాడు. కానీ ఇవాళ అతని ముఖంలో ఉన్నది విసుగు కాదు, భయం. తండ్రి గురించి ఒక భయం, తల్లి గురించి ఇంకొకటి. రెండింటికీ కారణం తనేనని కరుణశ్రీకి తెలుసు.

తెలుసు గనకే పొద్దుటి నుంచి ఆమె ఎవరి కళ్లలోకీ సూటిగా చూడలేకపోతోంది.

పోయిన వారం జరిగిందది. ఆమె మామగారు శాంతిరాజు ఒంట్లో పాత కామెర్ల వైరస్ ఏళ్లుగా తిష్ఠ వేసుకుని ఉంది. మామూలు స్కానింగులో కాలేయంలో రేగుపండంత గడ్డ కనిపించింది. కిడ్నీలు అంతంతమాత్రం గనక సీటీ స్కాన్‌లో ఎక్కించే మందు పడదన్నారు. ఇక మిగిలింది బుడగల మందు ఎక్కించి చేసే అల్ట్రాసౌండ్. ఆ మందుకు కిడ్నీలతో పని లేదు, ఊపిరితోనే బయటికి పోతుంది. పంజగుట్టలో కరుణశ్రీ పనిచేసే సెంటర్లో ఆ పరీక్ష చేసేది ఇద్దరే. పెద్ద డాక్టరు విజయేందర్, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆమె.

"సొంతోళ్లకు మనం చేసుకోవద్దమ్మా. చెయ్యి ఒక దిక్కు ఉంటది, మనసు ఒక దిక్కు ఉంటది. నేను చేస్త తియ్," అన్నాడు విజయేందర్.

"మామయ్యకు నేనైతేనే ధైర్యం సార్," అంది కరుణశ్రీ. అందులో సగమే నిజం. మిగతా సగం, ఆ ఇంట్లో తన చదువుకు ఒక్క పూటైనా విలువ దక్కాలన్న ఆశ.

అత్తగారిని గదిలోకి రానిచ్చింది కూడా తనే. వేరే ఎవరి అత్తగారైనా అయితే మర్యాదగా బయట కుర్చీ చూపించేది.

మందు ఎక్కింది. తెర మీద గడ్డ తెల్లగా భగ్గుమంది. కాసేపు గడిచినా ఆ తెలుపు చెక్కుచెదరలేదు. ప్రమాదం లేని రక్తనాళాల గడ్డలు కొన్ని అలాగే వెలుగుతాయి. కరుణశ్రీ ఊపిరి పీల్చుకుంది. అక్కడ పెదవి కదపకుండా ఉండాల్సింది. చూడాల్సిన చివరి దశ ఇంకా ఉంది, అసలు సంగతి తేలేది అప్పుడే. కానీ "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగిన అత్తగారి గొంతు వణికేసరికి, "బాగానే ఉన్నట్టుందత్తయ్యా" అని నోరు జారింది.

అంతే. జీవమణి భర్త నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ప్రార్థన చేసుకుందం," అని కళ్లు మూసుకుంది.

ఆగండత్తయ్యా అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కరుణశ్రీ నోట రాలేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఇంట్లో ప్రార్థన నడుస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే ఆమె లేచి వెళ్లింది. 'గుంటూరు పిల్లకు దేవునికన్న డ్యూటీ పెద్దది' అన్న మాట ఆ తర్వాత చుట్టాలందరి నోళ్లలో చాలాకాలం నలిగింది. జీవమణి ఆ మాట అనలేదు. అన్నవాళ్లను వారించనూ లేదు.

ప్రార్థనలో కళ్లు తెరిచి ఉంచడం ఆ ఇంట్లో పసిపిల్లలు కూడా చేయని పని. కరుణశ్రీ తల వంచి కళ్లు మూసుకుంది. చేతిలోని స్కానింగు ప్రోబు మామగారి పొట్ట మీద కదలకుండా అలాగే ఉంది. జీవమణి ప్రార్థన ఒక పట్టాన తెమిలేది కాదు. ఊళ్లో ఉన్నవాళ్లనూ, పొరుగూళ్లకు పోయినవాళ్లనూ, మంచాన పడ్డవాళ్లనూ అందరినీ తలుచుకుంటే గాని ఆమెన్ దాకా రాదు. వచ్చేసరికి బుడగలన్నీ కరిగిపోయాయి. తెరంతా ఒకే మసక.

మళ్లీ మందు ఎక్కించవచ్చు. ఎక్కిస్తే, మళ్లా సూది ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. కరుణశ్రీ చెప్పలేకపోయింది. 'చివరి దశలోనూ గడ్డ వెలుగు నిలిచే ఉంది' అని రిపోర్టులో రాసింది. సోమాజిగూడలోని లివర్ డాక్టరు ఆ వాక్యాన్ని నమ్మి, అయితే వచ్చే ఏడాది కనిపించమన్నాడు. గడ్డ చెడ్డదే అయినా ఇప్పుడు చిన్నది, సూదితో కాల్చేసి మనిషిని దక్కించుకోవచ్చు. ఏడాది పోయాక ఆ మాట ఎవరూ అనలేరు.

ఇవాళ పొద్దున కుర్ర డాక్టర్లకు చూపించడానికి విజయేందర్ ఆ కేసు తెరిచాడు.

"చివర్ల వీడియో ఏదమ్మా?" అన్నాడు.

"చూశాను సార్. సేవ్ చేయడం మరిచిపోయాను," అంది కరుణశ్రీ.

ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన ఆమె ముఖం వంక చూసి, ఇంకేమీ అడగకుండా కేసు మూసేశాడు. తిట్టినా బాగుండేది.

"రేపు విజయేందర్ సార్‌తోనే మళ్ల స్కాన్ చేయిద్దం," అన్నాడు ప్రేమ్ సాగర్, తలుపు దగ్గర నుంచి కదలకుండానే. "షుగర్ చెకప్ అని చెప్పి డాడీని తీస్కపోదం. ఎందుకు, ఏంది అని ఎవ్వరికి చెప్పేది లేదు."

"ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధమా?"

"మరి అమ్మకేం చెప్తవ్? నువ్వు ప్రార్థన చేసినవ్ గాబట్టి నీ పెనిమిటి రోగం నాకు కనబడలే అని చెప్తవా?"

ప్రార్థన చేయడం జీవమణి తప్పు కాదు. ఆమె పని ఆమె చేసింది. తన పనే తాను చేయలేదు.

"నా తప్పని చెప్తాను," అంది చివరికి.

"నువ్వెట్ల చెప్పినా ఆమె చెవిల గట్లనే వడ్తది. ఇగ జన్మల మళ్ల కండ్లు మూసి దేవుని పేరు ఎత్తుతదా ఆమె? డాడీకేమన్న అయితే, నేనే చంపుకున్న అని బతికినన్నాళ్లు ఏడుస్తది. గది చూడగల్గుతవా నువ్వు?"

మేడ మీద ఎవరో మైకు పరీక్షిస్తూ "హలో, హలో" అంటున్నారు.

తలుపు మీద దబదబా చప్పుడైంది.

"ఏం జేస్తుండ్రు లోపల? ప్రేమ్, పాస్టరు అయ్యగారు బయల్దేరిండ్రంట! బిర్యానీ దేగీషలు ఎప్పుడొస్తయో జర కనుక్కో!"

ప్రేమ్ సాగర్ గడియ తీస్తూ భార్య చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలాడు. ఓదార్చాడో, బతిమాలాడో ఆమెకు అర్థం కాలేదు.

* * *

బిర్యానీ బయటి నుంచి తెప్పించినా, డబుల్ కా మీఠా మాత్రం జీవమణి తన చేత్తోనే చేయాలి. నేతిలో వేయించిన బ్రెడ్డు ముక్కలను పాకంలో వేసి, పొయ్యి ముందు నిలబడి కలుపుతోంది. చీర కొంగు నడుముకు బిగించింది. ముఖం మీద చెమట, నవ్వు రెండూ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ ముఖం ఎండిపోయి ఉండేది.

"ఇటు రా బిడ్డా. నోరు తెరువ్. తీపి సరిపోయిందా చూడు."

పెళ్లై ఈ ఇంటికి వచ్చాక అత్తగారు తన నోటికి అందించడం కరుణశ్రీకి గుర్తు లేదు. తిన్నది.

"బాగుందత్తయ్యా."

"బాగుందంటే గాదు, సక్కగ చెప్పు. నీకు అన్నీ బాగనే ఉంటయ్."

జీవమణి మామూలుగానే అన్నది. అయినా కరుణశ్రీ ఉలిక్కిపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆమె పని.

"అత్తయ్యా, మామయ్యకు ఇంకొక్కసారి స్కాన్ చేయిద్దామనుకుంటున్నాను. విజయేందర్ సార్ చేస్తారు."

గరిటె ఆగింది.

"ఎందుకు?"

"ఊరికేనండి. ఇంకొకరు కూడా చూస్తే మంచిది కదా అని."

"నువ్వు చూసింది చాలదా?"

పాకం అడుగంటుతున్న వాసన రాగానే జీవమణి మళ్లీ కలపడం మొదలుపెట్టింది. కోడలి వైపు తిరగకుండానే మాట్లాడింది.

"నువ్వొచ్చిన కాడ్నుంచి నిన్ను పరాయిదాని లెక్కనే చూసిన. నాకు తెల్వదా? ఎవరెవరో ఏదేదో అంటుంటే విని గమ్మున ఉన్న. తప్పే అది. ఆ దినం స్కాన్ రూంల నా ఎంబడి తల వంచినవ్. గప్పుడనుకున్న, ఈ పిల్ల నా బిడ్డే అని. ఇయ్యాల కూడికల నువ్వు నా పక్కన కూసోవాలె, ఎనకెనక గాదు."

"అత్తయ్యా, అది కాదు, ఆ రోజు నేను..."

"దేవుడిచ్చినదాన్ని మళ్ల తూకం ఏస్తరా బిడ్డా? స్కాన్ గీన్ అని ఇయ్యాల ఎత్తకు. పో, పోయి మంచి చీర కట్టుకో."

ఇన్నేళ్లుగా ఏ మాట కోసం కరుణశ్రీ మొహం వాచిపోయిందో, ఆ మాట ఇవాళ అడక్కుండానే దొరికింది. అది కూడా ఆమె చేసిన తప్పుకు బహుమతిగా దొరికింది. నోట్లో తీపి మింగుడు పడలేదు. అక్కడే అత్తగారి కాళ్ల దగ్గర కూలబడి ఏడవాలనిపించింది. ఏడిస్తే ఎందుకని అడుగుతుంది. చీర కట్టుకోవడానికి వెళ్లింది.

* * *

శాంతిరాజు వీధి వైపు బాల్కనీలో చిన్న పీట మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా ఎక్కి, కంట్రోలరుగా దిగిన మనిషి. పంజగుట్ట చౌరస్తాలో బస్సు ఎప్పుడొస్తుందో, ఎందుకు రాదో చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడని పేరు. రిటైరైనా బూటు మెరవనిదే గడప దాటడు.

"ఏం డాక్టరమ్మా, పేషెంటును చూడొచ్చినవా?"

"మామయ్యా, మీకొక మాట చెప్పాలి. ప్రేమ్ వద్దన్నాడు."

"వాడు వద్దన్నడంటే అది చెప్పాల్సిన మాటే అయి ఉంటది. కూసో."

కరుణశ్రీ కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడే చెప్పింది. దాచకుండా చెప్పింది.

"ఆ మందు మంచి గడ్డలోకి వెళ్తే, ఆ మెరుపు అలాగే నిలిచి ఉంటుంది మామయ్యా. చెడ్డ గడ్డయితే ముందు బాగా వెలుగుతుంది. తర్వాత, చుట్టూ కాలేయం ఇంకా తెల్లగా ఉండగానే, అదొక్కటీ ఆరిపోతుంది. నల్లగా అయిపోతుంది. అలా ఆరిపోవడమే కేన్సర్ గుర్తు. మీ గడ్డ ఆరిందో లేదో నేను చూడలేదు. అప్పుడు ప్రార్థనలో కళ్లు మూసుకుని ఉన్నాను. చూసినట్టు రాసేశాను."

బ్రష్షు ఆగిపోయింది. కింద వీధిలో హాస్టలు పిల్లలు టీ బండి దగ్గర దేనికో పగలబడి నవ్వుతున్నారు. శాంతిరాజు వాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

"మీ అత్త ప్రార్థన సుత జర పొడుగే మరి," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

"కోప్పడండి మామయ్యా. తిట్టండి."

"కోపం లేదంటే అబద్ధమైతది. ఉన్నది. బండి ఆఖరి స్టాపు దాక పోకుండ నడిమిట్ల నుంచే మర్లగొట్టుకొస్తే నేను మెమో రాసేటోణ్ణి. ఎండల నిలబడ్డ పాసింజర్ల ఉసురు తగుల్తదిరా అని తిట్టేటోణ్ణి. నీకు సుత రాయాలె."

"రాయండి."

"రాస్త. మొదలు స్కాన్ కానీయ్." ఆయన బూటు కింద పెట్టాడు. చేతికి అంటిన నలుపును గుడ్డతో తుడుచుకుంటూ, "మీ అత్తకు చెప్పినవా?" అని అడిగాడు.

"లేదు. చెప్పబోతే వినలేదు."

"చెప్పకు. ఇయ్యాల చెప్పకు. రేపు పొద్దుగాల నీ ఎంబడి నేనే వస్త. ఎన్ని సూదులన్న పొడువుండ్రి. ఇయ్యాల మాత్రం దాన్ని నవ్వనీయ్. నాకు గడ్డ అని తెల్సిన కాడ్నుంచి అది కడుపునిండ తిన్నది లేదు, కంటినిండ పండుకున్నది లేదు."

"మరి సాక్ష్యం?"

"అబద్ధం చెప్ప. నిజం సుత చెప్ప. నడుమ ఏదో ఒక స్టేజీల దిగిపోత."

అన్నాక ఆయన ఇంకో బూటు తీసుకున్నాడు. కరుణశ్రీ ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. ఆయన కాదనలేదు.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. "రేపు చూస్తం గదా."

పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బరువు కొంచెం దిగినట్టయింది ఆమెకు. రోగం ఉండే అవకాశమున్న మనిషి, ఆ భయాన్ని తెచ్చి తన ఒళ్లో వేసిన కోడలికే ధైర్యం చెబుతున్నాడు. ఆ బరువు దిగినందుకు కూడా ఆమెకు సిగ్గేసింది.

* * *

చీకటి పడేవేళకు డాబా నిండిపోయింది. పాటలయ్యాయి. అయ్యగారి వాక్యం అయింది. దూరంగా మెట్రో రైలు పోతుంటే ఆ చప్పుడుకు ఆగి, మళ్లీ అందుకుని, ఆయన ఎలాగో ముగించాడు. కరుణశ్రీ అత్తగారి పక్కనే కూర్చుంది. జీవమణి ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని వదలడం లేదు.

మెట్ల దగ్గర చివరి వరుసలో విజయేందర్ వచ్చి కూర్చున్నాడు. జీవమణే స్వయంగా ఫోన్ చేసి పిలిచిందట. ఆయన చేతిలో పళ్ల బుట్ట ఉంది. అంతకు ముందు పాటల మధ్యలో కరుణశ్రీ చెయ్యి విడిపించుకుని లేచి ఆయన దగ్గరికి వెళ్లింది.

"సార్, రేపు మామయ్యకు మళ్లీ చేయాలి. మీరే చేయాలి."

"చేస్తనమ్మా," అన్నాడాయన. "ఏమైందో రేపన్న చెప్తవా?"

"చెప్తాను సార్."

ఆయన తల ఊపాడు. పొద్దుటి అబద్ధం ఆయనకు అప్పుడే తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

"ఇప్పుడు మన సహోదరుడు శాంతిరాజు గారు సాక్ష్యం చెబుతారు," అన్నాడు అయ్యగారు.

శాంతిరాజు లేచాడు. మైకు చేతికిస్తే దించని మనిషని సంఘానికంతా తెలుసు. ముందు వరుసవాళ్లు అప్పుడే కుర్చీల్లో వెనక్కి వాలి సర్దుకున్నారు.

"ఇయ్యాల్టి దాక నడిపించిండు," అన్నాడు శాంతిరాజు. "ముందట సుత ఆయనే నడిపిస్తడు. అందరు నా కోసం ప్రార్థన చేసిండ్రు. ఇంకా చేయుండ్రి. దేవునికి స్తోత్రం."

కూర్చున్నాడు.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ప్రేమ్ సాగర్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కరుణశ్రీ మామగారి వంక చూసి, కళ్లతోనే దండం పెట్టింది. గండం గడిచిందనుకుంది.

"గింతేనా?" అంది జీవమణి.

కోడలి చెయ్యి వదిలి లేచింది. భర్త చేతిలోంచి మైకు లాక్కుంది.

"మా ఆయనకు సిగ్గు. నేను చెప్త," అంది. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇది ఇంతవరకు ఎవ్వరికి చెప్పలే. ఆయనకు సుత చెప్పలే. ఆ దినం స్కాన్ రూంల నేను ప్రార్థన చేసిన. ఆయన కండ్లు మూసుకున్నడు. నా కోడలు, గంత పెద్ద డాక్టరు, మిషను ముందల కూసుండి నా ఎంబడి కండ్లు మూసుకున్నది."

చివరి వరుసలో విజయేందర్ తల ఎత్తాడు.

"కానీ ప్రార్థన చేస్తున్న నేనే, అల్పవిశ్వాసిని, కండ్లు తెరిచిన. భయానికి ఆగలేకపోయిన. నోరు దేవుని పేరు తీస్తున్నది, కండ్లు టీవీ దిక్కు ఉన్నయ్. నా పాపం దేవుడు క్షమించాలె. ఇన్ని దినాలు చెప్పడానికి మొఖం లేకుండె నాకు."

జీవమణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గప్పుడు ఏం చూసిన్నో ఇనుండ్రి. ఆ గడ్డ మొదలు తెల్లగ, దీపం లెక్క వెలుగుతుండె. నేను ప్రార్థన చేస్తున్నకొద్ది మసక వడ్డది. చుట్టు అంత తెల్లగనే ఉన్నది. గా గడ్డ ఉన్న జాగ ఒక్కటే నల్లగ అయింది. నల్లగ అయి ఆరిపోయింది. నా కండ్ల ముందట దేవుడు దాన్ని ఆర్పేసిండు!"

"హల్లెలూయా!"

చప్పట్లు మోగాయి. ప్రేమ్ సాగర్ కూడా అందరితోపాటు కొట్టాడు. తల్లి సంతోషం చూసి అతని ముఖం వెలిగిపోయింది. అతనికేం తెలుసు! ఆరిపోవడమే చెడ్డ గుర్తన్న సంగతి పొద్దున కరుణశ్రీ చెప్పబోతే, డాక్టరు మాటలు నాకెందుకని కొట్టిపారేశాడు.

విజయేందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన చప్పట్లు కొట్టడం లేదు.

కరుణశ్రీ తెలియదు, తెలియదు అని పొద్దుటి నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఆ తెలియకపోవడంలోనే కాస్త ఆశ ఉండేది. ఇప్పుడు తెలిసిపోయింది. తాను చూడాల్సినదంతా అత్తగారు చూసింది. పెద్ద డాక్టర్లు కూడా అంత స్పష్టంగా చెప్పరు.

"మణీ."

శాంతిరాజు కుర్చీలోంచి సగం లేచాడు. చప్పట్లలో ఆ పిలుపు ముందు వరుస దాటి పోలేదు.

"సక్కగ చూసినవా మణీ? చుట్టు తెల్లగ ఉండంగనే అది నల్లగ అయిందా?"

"నా రెండు కండ్లతోని చూసిన. ఎందుకట్ల అడుగుతవ్?"

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కోడలి వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా ఆమె ఓర్చుకునేది.

జీవమణి మాత్రం మురిపెంగా తిరిగి, మైకును కరుణశ్రీ ముందుకు చాపింది.

"నా మాట మీద నమ్మకం లేకుంటే డాక్టర్నే అడుగుండ్రి. చెప్పు బిడ్డా. నేను చూసింది నిజమో కాదో, అందరి ముందట నీ నోటితోని చెప్పు."

కరుణశ్రీ లేచి నిలబడింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎదురుగా ప్రేమ్ సాగర్ నవ్వుతూ, చెప్పెయ్ అన్నట్టు తల ఊపుతున్నాడు. మామగారు తల వంచుకుని తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. విజయేందర్ వరుసల మధ్యలోంచి మెల్లగా ముందుకు వస్తున్నాడు.

ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక ఆమెకు లేదు.

"మీరు చూసింది నిజమే అత్తయ్యా," అంది. "నేనే చూడలేదు. అది ఆరిపోయిందంటే..."

ఆ పై మాట మైకులోకి వెళ్లనే లేదు. నిజమే అన్న మాట చెవిన పడగానే "స్తోత్రం! స్తోత్రం!" అంటూ డాబా అంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. ఎవరో పాట అందుకున్నారు. జీవమణి ఏడుస్తూ కోడలిని గట్టిగా కావలించుకుంది.